యూనివర్సిటీ ఫౌండేషన్‌కు కొత్త చైర్, తాత్కాలిక సీఈఓ: ప్రకటన చదివాక ఏం అడగాలి?

పాలపిట్ట

అమెరికాలో స్టేట్ యూనివర్సిటీల తరఫున విరాళాలు సేకరించే ఫౌండేషన్లలో చాలావాటికి ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. అందుకే ఏటా వేసవిలో ఒకే రకం ప్రకటనలు వరసగా వస్తాయి. కొత్త చైర్ ఎన్నిక, నలుగురైదుగురు కొత్త ట్రస్టీలు, సీఈఓ వీడ్కోలు, తాత్కాలిక సీఈఓ నియామకం, చివర్లో ఒక్క వాక్యంలో "బోర్డు బైలాస్‌ను (సంస్థ అంతర్గత నియమావళిని) సవరించింది" అని. ఆ ఒక్క వాక్యమే అన్నిటికన్నా ముఖ్యమైనది కావచ్చు, కానీ దాని గురించి వివరం ఎక్కడా ఉండదు.

ఒక దాత గాని, పూర్వ విద్యార్థి గాని, కొత్తగా బోర్డులోకి ఆహ్వానం అందినవారు గాని ఆ ప్రకటన చదివాక ఏ కాగితాలు చూడాలి, ఎవరిని ఏం అడగాలి? ఈ పనులు దగ్గరగా తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

దస్త్రం

ముందు పునాది సంగతి. ఫౌండేషన్ యూనివర్సిటీలో ఒక విభాగం కాదు. పన్ను చట్టం సెక్షన్ 501(సి)(3) కింద లాభరహిత సంస్థగా నమోదైన వేరే సంస్థ. యూనివర్సిటీ రాష్ట్రానిది, దాని మీద రీజెంట్లు లేదా ట్రస్టీల బోర్డు ఉంటుంది. ఫౌండేషన్‌కు తన బోర్డు, తన బ్యాంకు ఖాతాలు, తన ఆడిట్. ఈ పద్ధతికి నాంది కాన్సస్ యూనివర్సిటీలో 1891లో పడింది. విరాళం సొమ్ము రాష్ట్ర ఖజానాతో కలవకుండా ఉండాలి, ఖజానా నియమాలు ఒప్పుకోని పెట్టుబడులు పెట్టగలగాలి అన్నవి ఈ ఏర్పాటుకు ముఖ్య కారణాలు. స్టేట్ యూనివర్సిటీ కోసం ఆస్తులు సేకరించి నిర్వహించే ఇలాంటి సంస్థల కోసం పన్ను చట్టం సెక్షన్ 170లో ప్రత్యేకంగా ఒక ఉపవిభాగమే ఉంది.

కాబట్టి మొదట అడగాల్సింది కొత్త చైర్ ఎవరని కాదు, యూనివర్సిటీకీ ఫౌండేషన్‌కూ మధ్య ఉన్న ఎంఓయూ (అవగాహన ఒప్పందం) ఎప్పటిది అని. అందులో ఏముండాలంటే: యూనివర్సిటీ పేరు, లోగో వాడుకునే హక్కు, సిబ్బంది జీతాలు, ఆఫీసు స్థలం ఖర్చు ఎవరు భరిస్తారు, దాతల సమాచారం ఎవరి సొత్తు, ఏ స్థాయి విరాళాన్ని ఎవరు ఆమోదించాలి, ఫౌండేషన్ పుస్తకాలు చూసే హక్కు యూనివర్సిటీకి ఎంతవరకు, ఒప్పందం తెగిపోతే ఆస్తులు ఏమవుతాయి. ఈ చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు. జార్జియాలో 2004లో రీజెంట్ల బోర్డు యూనివర్సిటీ ఆఫ్ జార్జియా ఫౌండేషన్‌తో సంబంధం తెంచుకోవాలని తీర్మానించింది. ఆ తర్వాత విరాళాల సేకరణకు ఆర్చ్ ఫౌండేషన్ అని మరొకటి పెట్టాల్సి వచ్చింది. పాత ఎండోమెంట్ (శాశ్వత నిధి) మాత్రం చట్టప్రకారం పాత ఫౌండేషన్ చేతిలోనే ఉంది. ఎంఓయూ పదేళ్లుగా సవరించకుండా పడి ఉంటే, కొత్త నాయకత్వం చేయాల్సిన మొదటి పని దాన్ని తిరగరాయడం.

లెక్కపత్రం

దస్త్రం గారు చెప్పిన ఎంఓయూ చాలాచోట్ల బయటివాళ్లకు దొరకదు. కానీ ఫౌండేషన్ ఏటా ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్ను శాఖకు) ఇచ్చే ఫారం 990 అందరికీ దొరుకుతుంది. అడిగితే గత మూడేళ్లవి చూపించి తీరాలి. దాతల పేర్లున్న షెడ్యూల్ బి ఒక్కదాంట్లో పేర్లు తీసేసి ఇస్తారు.

చాలామంది నేరుగా ఆదాయం పేజీకి వెళతారు. నాయకత్వం సంగతి తెలియాలంటే ఆరో భాగం చదవాలి. మొదటి లైన్లో ఓటు హక్కున్న సభ్యులెందరు, వారిలో స్వతంత్రులెందరు అని ఉంటుంది. ఇక్కడ స్వతంత్రులంటే ఏదో పెద్దమనుషులని కాదు, నిర్వచనం ఉంది. ఆ సంస్థలో గాని, దాని అనుబంధ సంస్థల్లో గాని అధికారిగా, ఉద్యోగిగా జీతం తీసుకోకూడదు, కాంట్రాక్టర్‌గా ఏడాదికి 10,000 డాలర్లు మించి తీసుకోకూడదు, సంస్థ తన లోపలివాళ్లతో జరిపిన లావాదేవీలు చూపే షెడ్యూల్ ఎల్‌లో ఎక్కాల్సిన లావాదేవీ తనకు గాని కుటుంబానికి గాని ఉండకూడదు. ముప్ఫై మంది బోర్డులో స్వతంత్రులు పద్దెనిమిది మందే అయితే మిగతా పన్నెండు మంది ఎందుకు కాలేదో షెడ్యూల్ ఎల్, జీతాలు చూపే ఏడో భాగం పక్కపక్కన పెట్టుకుని చూడండి.

రెండో లైన్: బోర్డు సభ్యుల మధ్య కుటుంబ, వ్యాపార సంబంధాలు. నాలుగు: బైలాస్ లాంటి పత్రాల్లో ముఖ్యమైన మార్పులు. ఐదు: ఆస్తుల దారిమళ్లింపు. 250,000 డాలర్లు గాని, మొత్తం రాబడిలో 5 శాతం గాని, మొత్తం ఆస్తుల్లో 5 శాతం గాని, వీటిలో ఏది తక్కువైతే దాన్ని మించినది బయటపెట్టాలి. ఏడు: బోర్డు సభ్యులను నియమించే అధికారం బయటివాళ్లకు ఉందా. ఎనిమిది: బోర్డు సమావేశాలకే కాదు, బోర్డు తరఫున నిర్ణయాలు తీసుకునే కమిటీలకు కూడా ఎప్పటికప్పుడు మినిట్స్ రాశారా. పదకొండు: ఫైల్ చేసే ముందు 990 ప్రతిని బోర్డు సభ్యులందరికీ ఇచ్చారా. ఈ పదకొండో దానికి "లేదు" అని ఉంటే ఆ బోర్డు మీద నాకు నమ్మకం తగ్గుతుంది.

ఒక చిక్కు. జూన్ 30తో ముగిసే సంవత్సరానికి గడువు నవంబర్ 15. ఫారం 8868తో ఆరు నెలలు పొడిగిస్తే మే 15. అంటే జూలైలో కొత్త సీఈఓ వస్తే, ఆ జీతం అసలు స్వరూపం 990లో కనబడటానికి చాలా ఆలస్యమవుతుంది. పైగా ఏడో భాగంలో జీతాలు ఆర్థిక సంవత్సరం ప్రకారం కాకుండా క్యాలెండర్ సంవత్సరం ప్రకారం చూపిస్తారు.

గోరింట

అన్నిటికన్నా ముందు చూడాల్సింది యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఫౌండేషన్ బోర్డులో ఏ హోదాలో ఉన్నారన్నది. ఓటు ఉందా, లేదా? సీఈఓను నియమించే, తీసేసే అధికారం ఎవరిది?

లూయివిల్ యూనివర్సిటీ ఉదాహరణ ఉంది. అక్కడ ఒకే వ్యక్తి యూనివర్సిటీకీ ఫౌండేషన్‌కూ ప్రెసిడెంట్‌గా ఉన్నారు. 2016లో కెంటకీ రాష్ట్ర ఆడిటర్ నివేదిక, 2017 జూన్‌లో ఫోరెన్సిక్ ఆడిట్ వచ్చాయి. ఎండోమెంట్ నుంచి అతిగా తీయడం, ఉన్నతాధికారులకు వాయిదా వేతనాలు (తర్వాతి ఏళ్లలో చెల్లించేలా పక్కన పెట్టే జీతం), బోర్డుకు పూర్తి సమాచారం అందకపోవడం, అన్నీ ఒకచోట పోగయ్యాయి. ఖర్చు కోరే మనిషీ ఆ ఖర్చును ఆమోదించే మనిషీ ఒకరే అయితే మధ్యలో ప్రశ్న వేసేవాళ్లే ఉండరు. ప్రెసిడెంట్‌కు ఓటు లేని సభ్యత్వం చాలు.

ఏటిగట్టు

గోరింట గారూ, ప్రెసిడెంట్ ఫౌండేషన్‌కు అధిపతి కాకూడదన్నది ఒప్పుకుంటాను. ఓటు అసలే వద్దన్నది మాత్రం ఒప్పుకోను. ఫ్లోరిడాలో చట్టమే వేరేలా ఉంది. అక్కడ వీటిని డైరెక్ట్ సపోర్ట్ ఆర్గనైజేషన్లు అంటారు. యూనివర్సిటీ ట్రస్టీల బోర్డు చైర్ కనీసం ఒక ప్రతినిధిని నియమిస్తారు, ప్రెసిడెంట్ లేదా ఆయన ప్రతినిధి బోర్డులో ఉంటారు. యూనివర్సిటీ గొంతు బొత్తిగా లేకపోతే యూనివర్సిటీకి అక్కర్లేని భవనాలకు విరాళాలు తెచ్చే ప్రమాదం ఉంది. ముప్ఫై ఓట్లలో ఒక ఓటుతో కొంప మునగదు. పారితోషికం, ఆడిట్, నామినేషన్ కమిటీల్లో మాత్రం ప్రెసిడెంట్ ఉండకూడదు. అక్కడ గీత గీస్తే చాలు.

అసలు గొడవంతా సీఈఓ ఉద్యోగం ఎవరి కింద అన్నదాంట్లో ఉంది. చాలాచోట్ల ఒకే మనిషి యూనివర్సిటీలో అడ్వాన్స్‌మెంట్ (విరాళాల సేకరణ) వైస్ ప్రెసిడెంట్, ఫౌండేషన్‌లో సీఈఓ. జీతం కొంత అటు, కొంత ఇటు. రోజువారీ పనికి ఇది సుఖమే. ప్రెసిడెంట్‌కూ బోర్డుకూ మాట తేడా వచ్చిన రోజున మాత్రం ఆ మనిషి ఎవరి మాట వినాలి? అందుకే నియామక పత్రంలో మూడు సంగతులు రాసి ఉండాలి: పనితీరు మదింపు ఎవరెవరు కలిసి చేస్తారు, ఒక పదవి పోతే రెండోది దానంతటదే పోతుందా, తొలగింపుకు ఇద్దరి ఒప్పుదలా ఒకరిదా.

గోరింట

కమిటీల దగ్గర గీత అన్నది బాగుంది, ఒప్పుకుంటున్నాను. దానికి ఒకటి కలుపుతాను. యూనివర్సిటీ లాయరే ఫౌండేషన్‌కూ లాయర్ కాకూడదు. ఎంఓయూ తిరగరాసేటప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే పక్షాలు.

మబ్బుతునక

జీతం నిర్ణయించే పద్ధతి గురించి ఎవరైనా చెప్పండి. "స్వతంత్ర కమిటీ ఆమోదించింది" అంటే సరిపోతుందా?

లెక్కపత్రం

సరిపోదండీ. పన్ను చట్టం సెక్షన్ 4958 కింద "ఈ జీతం సమంజసమే" అన్న అనుకూల భావన (కాదని ఐఆర్‌ఎస్ చూపిస్తే తప్ప నిలిచేది) దక్కాలంటే మూడూ ఉండాలి. సొంత ప్రయోజనం లేనివాళ్లు ఆమోదించాలి. ముందే పోల్చదగిన సంస్థల జీతాల వివరాలు తెప్పించుకుని చూడాలి. ఆ నిర్ణయాన్ని, ఆధారాలను రాతలో పెట్టాలి. ఆ రాతకు గడువు తర్వాతి సమావేశం లేదా నిర్ణయం జరిగిన 60 రోజులు, ఏది ఆలస్యమైతే అది. ఎక్కువగా తప్పేది ఈ మూడోదే. కన్సల్టెంట్ నివేదిక ఫైల్లో ఉంటుంది, దాన్ని ఏ సమావేశంలో ఎవరు చూశారో మినిట్స్‌లో ఉండదు.

జీతం అతిగా ఉందని తేలితే తీసుకున్న మనిషి మీద అదనపు మొత్తంపై 25 శాతం పన్ను, తిరిగి కట్టకపోతే 200 శాతం. తెలిసీ ఆమోదించిన బోర్డు సభ్యుల మీద 10 శాతం, ఒక్కో లావాదేవీకి 20,000 డాలర్ల దాకా. ట్రస్టీలు తమ జేబు నుంచి కట్టాల్సిన సొమ్ము అది.

బోర్డు సభ్యుడినే తాత్కాలిక సీఈఓగా కూర్చోబెట్టినప్పుడు ఇది మరీ ముఖ్యం. జీతం మొదలైన రోజు నుంచి ఆయన స్వతంత్రుడు కాదు. బోర్డు సభ్యత్వానికి సెలవు పెట్టించాలి, లేదా ఓటు ఆపాలి. ఆడిట్ కమిటీలో ఉంటే వెంటనే తప్పించాలి.

దస్త్రం

సీఈఓ మారేటప్పుడు కింది స్థాయిలో జరగాల్సిన పని గురించి ఎవరూ రాయలేదు. దెబ్బ తగిలేది అక్కడే.

సెక్రటరీ ముందుగా బోర్డు తీర్మానం ధ్రువీకరించిన ప్రతులు అరడజను సిద్ధం చేసుకోవాలి. పదవుల్లో ఉన్నవారి పేర్లు, సంతకాల నమూనాలతో ధ్రువపత్రం కూడా. వీటిని బ్యాంకుకు, పెట్టుబడులను భద్రపరిచే సంస్థకు (కస్టోడియన్‌కు), షేర్ల విరాళాలు తీసుకునే బ్రోకరేజ్‌కు, క్రెడిట్ కార్డు సంస్థకు విడివిడిగా పంపాలి. ప్రతి సంస్థకూ తన సొంత ఫారం ఉంటుంది, తీర్మానంలో తన మాటలే ఉండాలని పట్టుబడుతుంది. అందుకే తీర్మానం రాయకముందే వాళ్ల ఫారాలు తెప్పించుకోండి, లేకపోతే బోర్డు రెండోసారి ఓటు వేయాల్సి వస్తుంది. ఐఆర్‌ఎస్ దగ్గర బాధ్యుడిగా నమోదైన వ్యక్తి మారితే ఫారం 8822-బి 60 రోజుల్లో పంపాలి. రాష్ట్రాల్లో చారిటీ రిజిస్ట్రేషన్లు ఉంటాయి, గిఫ్ట్ యాన్యుటీలు (విరాళానికి బదులు దాతకు జీవితాంతం కొంత సొమ్ము చెల్లించే ఒప్పందాలు) ఇచ్చే ఫౌండేషన్ అయితే న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి చోట్ల వాటికి వేరే అనుమతులు. అన్నిటిలోనూ అధికారుల పేర్లు మార్చాలి. ఫౌండేషన్ ట్రస్టీగా ఉన్న చారిటబుల్ రిమైండర్ ట్రస్టుల (ముందు దాతకో ఆయన చెప్పినవారికో ఆదాయం ఇచ్చి, మిగిలింది విరాళంగా చేరే ట్రస్టుల) జాబితా తీసి, ఒక్కోదానికి సంతకం ఎవరిదో చూడాలి.

ఇవి సెప్టెంబర్ లోపు కాకపోతే ఏమవుతుందంటే, డిసెంబర్ చివరి వారంలో షేర్ల విరాళాలు వచ్చిపడతాయి, అమ్మడానికి సంతకం చేసే అధికారం ఉన్న మనిషి వెళ్లిపోయి ఉంటాడు. అమ్మకం ఆలస్యమై ధర పడితే ఆ నష్టం ఏ నిధికి రాయాలన్న తగాదా మొదలవుతుంది. దాతకు పన్ను మినహాయింపు విలువ అందిన రోజునే ఖరారవుతుంది, స్కాలర్‌షిప్‌కు చేరేది మాత్రం అమ్మిన ధర.

ఇక వెళ్లిపోయే సీఈఓ దగ్గర రాబట్టాల్సిన జాబితా. నోటిమాటగా ఇచ్చిన హామీలన్నీ రాసివ్వమనాలి. "మీ పేరు ఆడిటోరియానికి పెడతాం" అని దాతకు చెప్పి ఉండవచ్చు. పేరు పెట్టే అధికారం చాలా స్టేట్ యూనివర్సిటీల్లో రీజెంట్లది, ఫౌండేషన్‌ది కాదు. సంతకం కాని విరాళ ఒప్పందాలు, వాయిదాల మీద వస్తున్న హామీ సొమ్ములు, ఏ దాతతో చివరిసారి ఎవరు మాట్లాడారు, ఇవన్నీ డేటాబేస్‌లో ఎక్కాలి. సీఈఓ ఫోన్‌లో ఉండిపోతే ఫౌండేషన్‌కు లేనట్టే.

ఏటిగట్టు

దీనికి అనుబంధంగా ఒకటి. కొత్త నాయకత్వం మొదటి నెలలోనే అడగాల్సిన ప్రశ్న: ఫౌండేషన్ ఎవరి అప్పులకైనా పూచీ ఉందా, లేదా ఫౌండేషన్ అప్పులకు యూనివర్సిటీ పూచీ ఇచ్చిందా?

విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో అయిదు ప్రాజెక్టుల కోసం ఫౌండేషన్ తెచ్చిన బ్యాంకు అప్పులకు యూనివర్సిటీ అధికారులు హామీ ఉత్తరాలు రాసిచ్చారు. విరాళాలు చాలకపోతే యూనివర్సిటీ కడుతుందని వాటి సారాంశం. ప్రభుత్వ సొమ్ముతో అలా పూచీ పడే అధికారం వాళ్లకు లేదన్నది యూనివర్సిటీ వ్యవస్థ వాదన. 2017 జనవరిలో కేసు వేసింది, అదే ఏడాది ఫౌండేషన్ దివాలా పిటిషన్ పెట్టింది. ఉత్తరం ఒక్క పేజీయే కావచ్చు, అది ఆడిటర్ కంట పడకపోతే ఆర్థిక నివేదికలో ఎక్కడా కనబడదు. అందుకే ప్రతి బ్యాంకుకూ నేరుగా రాసి, తమ దగ్గర ఉన్న పూచీ పత్రాలన్నీ చూపమని అడగాలి.

మబ్బుతునక

నాకు దాతల వైపు నుంచి ఒక ప్రశ్న. నాయకత్వం మారాక "నిర్వహణ రుసుము సవరించాం" అని ఉత్తరం వస్తే ఎలా అర్థం చేసుకోవాలి?

లెక్కపత్రం

లెక్క వేసి చూద్దాం. చాలా ఫౌండేషన్లు గత 12 లేదా 20 త్రైమాసికాల సగటు విలువ మీద ఏటా 4 నుంచి 5 శాతం ఖర్చుకు ఇస్తాయి. మీ నిధి సగటు విలువ 1,000,000 డాలర్లు, ఖర్చు 4 శాతం అనుకోండి. స్కాలర్‌షిప్‌కు 40,000. దానిపైన నిర్వహణ రుసుము 1.25 శాతం అంటే 12,500. నిధి నుంచి బయటికి పోయేది 52,500, అంటే 5.25 శాతం. పెట్టుబడి మీద 7 శాతం వచ్చి ద్రవ్యోల్బణం 3 శాతం ఉంటే, నిధి కొనుగోలు శక్తి ఏటా ఒకటింపావు శాతం చొప్పున కరుగుతుంది. ప్రకటనలో "4 శాతమే ఖర్చు చేస్తున్నాం" అన్నది నిజమే, కానీ సగం నిజం.

రుసుము పెంచడం తప్పని అనను. స్టేట్ యూనివర్సిటీ తన వాటా నిధులు తగ్గిస్తే సిబ్బంది జీతాలకు డబ్బు ఎక్కడి నుంచో రావాలి. కానీ పెంచే అధికారం విరాళ ఒప్పందంలో ఉందా అన్నది చూడాలి. పాత ఒప్పందంలో "రుసుము లేకుండా" అని రాసి ఉంటే బోర్డు తీర్మానంతో అది మారిపోదు.

నిధి విలువ మొదటి విరాళం కన్నా కిందికి పడినా ఖర్చు ఆపాలన్న నియమం ఇప్పుడు లేదు. లాభరహిత సంస్థల నిధుల నిర్వహణకు 2006లో తయారైన నమూనా చట్టం యూపీఎంఐఎఫ్‌ఏ, పెన్సిల్వేనియా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ తెచ్చుకున్నది, వివేకంతో ఖర్చు చేయమంటుంది. నిధి కాలవ్యవధి, ఉద్దేశం, ఆర్థిక పరిస్థితి, ద్రవ్యోల్బణం, రాబడి అంచనా, సంస్థకున్న ఇతర వనరులు, పెట్టుబడి విధానం, ఈ ఏడూ చూశామని మినిట్స్‌లో ఉండాలి. కొన్ని రాష్ట్రాలు మూడేళ్ల సగటులో 7 శాతం మించితే అవివేకమని భావించే నిబంధన కూడా పెట్టుకున్నాయి.

పాలపిట్ట

ఈ కాగితాలను బయటివాళ్లు ప్రభుత్వ రికార్డుల (సమాచార హక్కు లాంటి) చట్టం కింద అడగవచ్చా?

గోరింట

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, రెండు రాష్ట్రాల జవాబు ఒకటి కాదు. అయోవాలో 2005లో రాష్ట్ర సుప్రీంకోర్టు, యూనివర్సిటీ చేయాల్సిన పనిని ఫౌండేషన్ చేస్తోంది కాబట్టి ఆ రికార్డులు ప్రజలవే అంది. వర్జీనియాలో 2019లో జార్జ్ మేసన్ యూనివర్సిటీ ఫౌండేషన్ ప్రభుత్వ సంస్థ కాదని తీర్పు. కాలిఫోర్నియా 2011లో ప్రత్యేక చట్టం చేసి తన ప్రభుత్వ యూనివర్సిటీల అనుబంధ ఫౌండేషన్లను పారదర్శకత పరిధిలోకి తెచ్చింది.

ఒక కిటుకు చెబుతాను. ఫౌండేషన్ ఇవ్వనన్నా, ఎంఓయూ ప్రతి యూనివర్సిటీ దగ్గర కూడా ఉంటుంది. యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థే కదా, అక్కడ అడగండి.

మబ్బుతునక

పాలపిట్ట గారు మొదట అన్న బైలాస్ సవరణ మిగిలిపోయింది. అందులో ఏం వెతకాలి?

దస్త్రం

పాత ప్రతి, కొత్త ప్రతి పక్కన పెట్టుకుని నాలుగు చోట్ల చూస్తే చాలు. కోరం (సమావేశం చెల్లడానికి హాజరు కావలసిన సభ్యుల సంఖ్య) ఎంత. ఎగ్జిక్యూటివ్ కమిటీకి ఇచ్చిన అధికారం. పదవీకాల పరిమితి. సవరణకు కావలసిన మెజారిటీ.

వీటిలో ఎగ్జిక్యూటివ్ కమిటీదే పెద్ద సంగతి. నలభై మంది బోర్డులో ఏడుగురి కమిటీ "బోర్డు సమావేశాల మధ్య బోర్డు అధికారాలన్నీ" వాడుకోవచ్చని రాస్తే మిగతా ముప్ఫై ముగ్గురు ప్రేక్షకులవుతారు. సీఈఓ నియామకం, బడ్జెట్, అప్పులు, ఆస్తుల అమ్మకం, బైలాస్ సవరణ, ఈ అయిదూ పూర్తి బోర్డుకే అని మినహాయింపు స్పష్టంగా ఉండాలి. పదవీకాలం మూడేళ్ల చొప్పున రెండు లేదా మూడు సార్లు అన్నది మంచి కొలత. "చైర్‌గా ఉన్నవారికి పరిమితి వర్తించదు" అన్న చిన్న నిబంధన దూరితే, దానికి గడువు కూడా రాశారో లేదో చూడండి.

ఈమెయిల్ ఓటు గురించి కూడా. చాలా రాష్ట్రాల లాభరహిత సంస్థల చట్టాల్లో, సమావేశం జరపకుండా తీర్మానం చేయాలంటే సభ్యులందరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మెజారిటీ చాలదు. ముప్ఫై మందిలో ఇరవై ఎనిమిది మంది ఈమెయిల్‌లో "సరే" అన్నారని కొత్త సీఈఓ ఒప్పందం మీద సంతకం పెడితే, ఆ ఒప్పందం చెల్లదని తర్వాత ఎవరైనా లేవనెత్తవచ్చు. పావుగంట వీడియో సమావేశం పెట్టి, కోరం లెక్కించి, ఓటు నమోదు చేస్తే ఆ చిక్కు ఉండదు.